గూడ్సు బండెక్కిన కళావరు రాజుగారికి



1975 వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, బిట్రగుంట యార్డులో ఆగి ఉన్న గూడ్సు బండి తలుపు సందులోంచి మిమ్మల్ని లోపలికి తోసేసిన తొమ్మిదేళ్ళ పిల్లని నేనే. ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతోంది. ఆ బండి అటు విజయవాడ వైపు పోయిందో ఇటు మద్రాసు వైపు పోయిందో నేను చూడలేదు, చూడకుండా ఇంటికి పరుగెత్తాను. మీ చిరునామా నా దగ్గర లేదు. అందుకే ఈ ఉత్తరం నలుగురి ముందూ పెడుతున్నాను.

అప్పట్లో మీ మీద నాకున్న కోపం అంతా ఇంతా కాదు. మా అమ్మమ్మ ఆట ఆడుకుంటూ ఉంటే, ఇంకో ఏడెనిమిది ముక్కలు మిగిలాయనగా ఊడిపడేవారు. మీరు వచ్చారంటే ఆట అయిపోయినట్టే. ఆవిడ ఒక్క క్షణం మీ మొహంలోకి చూసి, ఏమీ అనకుండా ముక్కలన్నీ పోగుచేసి మళ్ళీ కలపడం మొదలుపెట్టేది. పగలు ఒకటి రెండు సార్లు. రాత్రి తాతయ్య బండి రాకపోతే లెక్కే లేదు. ఒక్కసారి ఆగి ఆవిడని గెలవనిస్తే మీ సొమ్మేం పోయిందని నేను లోపల్లోపల మండిపోయేదాన్ని.

ఆ ఆటని అమ్మమ్మ 'గడియారం' అనేది. ఇంగ్లీషులో క్లాక్ పేషెన్స్. చదివేవాళ్ళ కోసం ఆట చెబుతాను, మీకు కొత్త కాదనుకోండి. 52 ముక్కల్నీ బోర్లించి, గడియారంలో అంకెలున్నట్టు చుట్టూ పన్నెండు చోట్ల, మధ్యలో ఒక చోట, ఒక్కో ముక్క చొప్పున నాలుగు చుట్లు పంచాలి. పదమూడు దొంతులు, దొంతికి నాలుగు ముక్కలు. మధ్య దొంతి పైముక్క తిప్పి మొదలుపెట్టాలి. ఏడు పడిందనుకోండి, దాన్ని ఏడో దొంతి అడుగున వెల్లకిలా దూర్చి, ఆ దొంతి మీద బోర్లా ఉన్న ముక్కని తిప్పాలి. అది రెండైతే రెండో దొంతికి వెళ్ళాలి. ఆసు ఒంటిగంట, జాకీ పదకొండు, రాణి పన్నెండు. రాజు పడితే మధ్యకి. నాలుగో రాజు పడేసరికి మధ్యలో తిప్పడానికి ముక్క మిగిలి ఉండదు, ఆట అక్కడితో సరి. ఆ లోపే పన్నెండు గంటలూ పూర్తిగా తెరుచుకుంటే గెలిచినట్టు.

ఇంత గడగడా ఇప్పుడు చెబుతున్నాను గానీ, పోయిన ఏడాది దాకా ఇందులో సగం నాకు గుర్తు లేదు. నెల్లూరులో పిన్ని ఇల్లు ఖాళీ చేస్తూ పాత ట్రంకు పెట్టె తెరిస్తే, అడుగున ఒక బిస్కెట్ల డబ్బా, డబ్బాలో చేతిరుమాలులో చుట్టిన పేక కట్ట దొరికాయి. "నీకేగా ఇది కావాల్సింది" అని నా చేతిలో పెట్టింది. ముక్కల అంచులు బట్టలాగా మెత్తబడి ఉన్నాయి. కట్ట మొత్తానికి కర్పూరం వాసన పట్టింది. ఇంటికొచ్చి ఆ రాత్రే గచ్చు మీద పరిచాను, పరిచాక చెయ్యి ఆగిపోయింది. గుండ్రంగా పేర్చడం గుర్తుంది. నాలుగో రాజు గుర్తున్నాడు. మధ్యలో జరిగేది మాత్రం చెరిగిపోయింది.

మొదట తిప్పిన ముక్కని దొంతి పైన పెట్టాను. రెండు మూడు పోగుపడేసరికి ఏది తెరిచిందో ఏది మూసిందో తెలియకుండా పోయింది. మర్నాడు పన్నెండో దొంతి నుంచి మొదలుపెట్టాను. అప్పుడు నాలుగో రాజు దగ్గర కాకుండా నాలుగో రాణి దగ్గర ఆట ఆగింది. ఇది మా అమ్మమ్మ గడియారం కాదని చేతులకి తెలిసిపోయింది గానీ, ఎక్కడ తప్పుతున్నానో తెలియలేదు. ఫోన్లో చూశాను. ఒంటరిగా ఆడే పేకాట అంటే ఫోన్లో ముందు వచ్చేది క్లాండైక్. అది మా తరానికి బాగా తెలిసిన ఆట. 1990లో విండోస్ 3.0తో పాటు వచ్చింది. ఆ కంప్యూటర్ ఆటని ఇంటర్న్‌గా ఉన్నప్పుడు వెస్ చెర్రీ రాశాడు, ముక్కల బొమ్మలు సూసన్ కేర్ గీసింది. ఆఫీసులో నేను మౌసు పట్టుకోవడం నేర్చుకున్నదే దాంతో. కానీ నాకు కావలసింది అది కాదు.

చివరికి పిన్నికే ఫోన్ చేశాను. "ముక్కని పైన పెట్టేదా, పక్కన పెట్టేదా?" అని అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "పైనా లేదు, పక్కనా లేదమ్మా. కిందికే. కుచ్చెళ్ళు దోపుకున్నట్టు దోపేది గదా." ఆ ఒక్క మాటతో నాకంతా కళ్ళముందుకు వచ్చింది. ఎడమచేతి బొటనవేలితో దొంతి అంచు కొద్దిగా ఎత్తడం, కుడిచేత్తో ముక్కని ఆ సందులోకి సర్రున జార్చడం, అదే చేత్తో పైముక్క తీసి తిప్పడం. మూడూ ఒకే కదలిక. అమ్మమ్మ చెయ్యి దొంతి దగ్గర ఆగేది కాదు. నేను ఫోన్ పక్కన పడేసి ఐదో దొంతి కింద ఒక ఐదు దోపి చూశాను. సరిగ్గా ఆ చప్పుడే వచ్చింది.

ఈ ఆట మా ఇంటికి ఎలా వచ్చిందో మీకు తెలుసు, మీరు ఆ కట్టతోనే వచ్చారు కాబట్టి. బిట్రగుంట నెల్లూరుకీ కావలికీ మధ్య, ఊరికంటే రైల్వే పెద్దదిగా ఉన్న ఊరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అక్కడ పెద్ద లోకో షెడ్డు, దాని చుట్టూ క్వార్టర్సు. డ్రైవర్లలో ఆంగ్లో ఇండియన్లు చాలామంది. పక్క క్వార్టర్లో ఒక డ్రైవరుగారి తల్లి ఉండేది, అందరూ దొరసానమ్మ అనేవాళ్ళు. తాతయ్య గూడ్సు గార్డు. వాళ్ళబ్బాయి లైను మీద, మా తాతయ్య లైను మీద, ఆడవాళ్ళిద్దరూ వరండాలో. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, దొరసానమ్మకి వచ్చిన తెలుగు బజారు తెలుగు. పేకకి ఆ చిక్కు లేదు. ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయేటప్పుడు ఈ కట్ట అమ్మమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది ఆవిడ.

ఇక్కడ మీ పేరు గురించి ఒక మాట. ఇంగ్లీషువాళ్ళు మీ గుర్తుని క్లబ్ అంటారు. మనం కళావరు అంటాం, హృదయం ఆకారంలో ఉండే ఎర్ర గుర్తుని ఆఠీను అంటాం. డచ్చి భాషలో మీ గుర్తు పేరు క్లావర్, ఆ ఎర్ర గుర్తు హార్టెన్. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు మచిలీపట్నంలో, భీమునిపట్నంలో గిడ్డంగులు కట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. ఆ గిడ్డంగుల అరుగుల మీద సాయంత్రాలు ఏం ఆడి ఉంటారో ఊహించుకోవడం కష్టం కాదు. దొరసానమ్మ క్లబ్స్ అన్నా అమ్మమ్మ కళావరు అనే అనేది. ఆవిడ నోట్లో ఉన్న మాట దొరసానమ్మ భాష కంటే ముందే మన తీరం ఎక్కిందనిపిస్తుంది నాకు.

డెన్మార్కు, నార్వే దేశాల్లో ఒంటరిగా ఆడే పేకాటలన్నిటికీ కబాలే అని పేరు. జోస్యానికీ రహస్య విద్యకీ చుట్టమైన మాట అది. ముక్కలు పరిచి, తెరుచుకుంటే మంచి జరుగుతుందని, తెరుచుకోకపోతే లేదని చూసుకునేవాళ్ళట ఆ చలిదేశాల్లో. అమ్మమ్మ గురించి కూడా అందరూ అదే అనుకునేవారు: గార్డుగారి భార్య ముక్కలేసి బండి ఎప్పుడొస్తుందో చెబుతుందని. పక్కింటావిడ ఒకసారి వచ్చి వాళ్ళాయన సంగతి చూసి పెట్టమంది కూడా. "బండి సంగతి కంట్రోలు ఆఫీసుకే తెలీదు, దీనికేం తెలుసమ్మా" అంది అమ్మమ్మ. అమ్మమ్మకి కావలసింది జవాబు కాదు. గూడ్సు బండికి మెయిలులాగా టైముండదు. మద్రాసు మెయిలు వస్తోందంటే గూడ్సుని పక్క లైన్లో నిలబెడతారు, తర్వాత గ్రాండ్ ట్రంక్ వస్తోందంటే ఇంకో గంట. కాల్ బాయ్ అర్ధరాత్రి తలుపు తట్టి తాతయ్యని డ్యూటీకి లేపేవాడు గానీ, డ్యూటీ దిగే వేళ చెప్పేవాడు ఎవరూ లేరు. అన్నం మూత పెట్టి, దీపం తగ్గించి, ఆవిడ గడియారం పరిచేది. పన్నెండుని ఎప్పుడూ లోకో షెడ్డు వైపు పెట్టేది.

మా పెద్ద మామయ్యకి ఈ ఆట అంటే చులకన. రమ్మీ బాగా ఆడేవాడు. 1967లో సుప్రీంకోర్టు, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే, రమ్మీలో ముఖ్యమైనది నేర్పు అని తేల్చిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "నీ దాంట్లో నువ్వు చేసేదేముందమ్మా? ముక్క ఎటు పొమ్మంటే అటు పోవడమేగా" అనేవాడు. ఆ మాట నిజం. గడియారంలో ఆడేవాళ్ళు ఎంచుకోవలసింది ఒక్కటి కూడా లేదు. అమ్మమ్మ దానికి ఎదురు చెప్పేది కాదు. కానీ ఆవిడ ముక్క తప్పుగా తిప్పడం, ముందే తొంగి చూడడం, మీరు పడ్డాక చూడనట్టు ఇంకో ముక్క తిప్పడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. చూసేవాళ్ళు లేని వరండాలో, రాత్రి ఒంటిగంటకి, పందెం లేని ఆటలో.

నేను అలా ఉండలేకపోయాను. ఆ వేసవిలో ఒకరోజు వరుసగా మూడు ఆటలు మీరే ఆపారు. మీరే, కళావరు రాజే. నాలుగో రాజు అనేది ఒక పదవి అని, నలుగురిలో ఆ ఆటకి చివరగా ఎవరు బయటపడితే వాళ్ళే ఆ పదవిలో ఉంటారని నాకు అప్పుడు తెలియదు. ఆఠీను రాజుకి మీసం లేదు, కత్తి తల వెనక్కి పెట్టుకుని ఉంటాడు, అతన్ని చూస్తే జాలేసేది. డైమను రాజు గొడ్డలి పట్టుకుని పక్కకి తిరిగి ఉంటాడు, అతను మమ్మల్ని చూడడనుకునేదాన్ని. మీరు సూటిగా చూస్తారు. అందుకే తప్పంతా మీదే అనుకున్నాను.

అమ్మమ్మ కునుకు తీస్తుంటే కట్టలోంచి మిమ్మల్ని తీసి గౌను జేబులో పెట్టుకుని యార్డుకి వెళ్ళాను. పిల్లలు అటు పోకూడదు. పట్టాల మధ్య కంకర కాళ్ళకి కాలుతోంది. మూసిన వ్యాగన్ల వరుస ఒకటి ఆగి ఉంది, ఇనప రేకు మీద సుద్దతో రాసిన అంకెలు, తలుపు గొళ్ళేనికి తీగె చుట్టి సీలు. తలుపుకీ చట్రానికీ మధ్య వేలు పట్టేంత చోటు లేదు గానీ పేకముక్క పడుతుంది. కాళ్ళవైపు ముందు తోద్దామనుకున్నాను. మీకు కాళ్ళు లేవు కదా, అటూ తలే, ఇటూ తలే. ఒక తల లోపలికి పోయింది. రెండో తల నన్ను చూస్తూ ఉండిపోయింది. అరచేత్తో కొట్టాను. లోపల ఎక్కడో బస్తాల మీద పడ్డట్టు చిన్న చప్పుడు.

సాయంత్రం అమ్మమ్మ పంచుతుంటే ఆఖరి చుట్టులో మధ్య దొంతికి ముక్క రాలేదు. మళ్ళీ లెక్కపెట్టింది. "ఒకటి తగ్గిందే" అంది. ముక్కలన్నీ వెల్లకిలా పరిచి మీరు లేరని కనిపెట్టింది. "యాడ పడిపోయిందో ఏమో, చూడు" అంది. చాప దులిపింది. దిండు గలీబులు తిరగేసింది. నేను కూడా ఆవిడతో పాటు వెతికాను. మీరు ఎక్కడున్నారో తెలిసి, తాతయ్య టార్చి పట్టుకుని మంచం కింద బోర్లా పడుకుని, గోడ వార దాకా వెలుతురు వేసి వెతికాను. ఈ యాభై ఏళ్ళలో నేను చేసిన తప్పులు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా వాటికి కారణాలు చెప్పుకోగలను. ఆ టార్చి వెలుతురుకి మాత్రం ఏ కారణమూ చెప్పుకోలేను.

ఆ రాత్రి ఆవిడ మధ్యలో మూడే పెట్టి ఆడింది. మీరు లేరు కాబట్టి ఇక ఆపేవాళ్ళు లేరని నేను పక్కన కూర్చుని ఆశగా చూస్తున్నాను. రాజులు ముగ్గురే. మూడో రాజు పడేసరికి మధ్య దొంతి ఖాళీ. ఆట ఆగింది. మళ్ళీ కలిపింది, మళ్ళీ మూడో రాజు. నాకు నిద్ర పట్టేదాకా ఒక్కటీ గెలవలేదు. తాతయ్య ఎప్పుడొచ్చాడో తెలియదు, పొద్దున లేచేసరికి ఆయన చొక్కా కొక్కేనికి ఉంది.

ఆ పొద్దునే అమ్మమ్మ మీ స్థానంలో ఇంకొకరిని తయారు చేసింది. కొత్త చొక్కా మడతలో వచ్చిన తెల్ల అట్ట తీసి, ఇస్పేటు రాజుని దాని మీద పెట్టి చుట్టూ గీసి, కత్తెరతో జాగ్రత్తగా కోసింది. తాతయ్య గార్డు పుస్తకంలో రాసే కాపీయింగ్ పెన్సిలు మొన నాలుకకి తడిపింది. తడిపితే ఊదారంగు పడుతుంది ఆ పెన్సిలు. ఆవిడకి తెలిసిన రాజు ఏడుకొండలవాడే, అందుకని పొడుగాటి కిరీటం గీసింది. మీసం పెట్టింది. రెండో వైపు తిప్పి అదే మొహం మళ్ళీ గీసింది, ఈసారి మీసం కొంచెం వంకర పోయింది. రెండు మూలల్లో 'రా' అని రాసి, కింద మూడు ఆకుల కళావరు గుర్తు వేసింది, తులసి ఆకుల్లా ఉంటాయి అవి. ఇప్పుడు ఆ ముక్క నా బల్ల మీద ఉంది. ఊదారంగు పాలిపోయింది గానీ 'రా' స్పష్టంగా ఉంది. 'రా'లో దీర్ఘం అట్టలోకి దిగబడి, వేలితో తడిమితే తెలుస్తుంది.

ఈ కొత్త రాజుతో ఒక చిక్కు ఉంది. మిగతా ముక్కల వీపు నీలం అల్లిక, ఇతని వీపు తెల్లటి అట్ట. దొంతి పైకి వచ్చాడంటే బోర్లా ఉన్నా దాగలేడు. "ఏడింటికి కూర్చోనున్నాడు చూడు" అనేది అమ్మమ్మ. ఆ తర్వాత ఏడు పడితే, అతనున్నాడని తెలిసీ తిప్పేది. నేను ఊపిరి బిగబట్టేదాన్ని. పక్కకి జరపొచ్చు, అడుగున పెట్టొచ్చు, మళ్ళీ పంచొచ్చు. ఆవిడ ఒక్కరోజు కూడా ఆ పని చెయ్యలేదు.

ఇక లెక్క సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. ఆట దొరికాక నాకు గెలుపు ఎన్నిటికి ఒకటి వస్తుందో తెలుసుకోవాలనిపించింది. ఆట మొదట్లో రాజు పడకుండానే మధ్య దొంతిలోంచి ఒక ముక్క తీస్తాం. అది అప్పు. మిగతా ఏ అంకె పడినా దాని దొంతిలో తిప్పడానికి ముక్క ఉండి తీరుతుంది, నాలుగుసార్లు వెళ్తాం, నాలుగు ముక్కలుంటాయి. మధ్య దొంతిలో మాత్రం అప్పు పోగా మూడే మిగిలాయి. నాలుగో రాజు ఆ అప్పు వసూలుకి వస్తాడు. కాబట్టి ఏ ఆటైనా ఆగేది నాలుగో రాజు దగ్గరే, ఇంకెక్కడా ఆగదు. గెలవాలంటే అతను 52వ ముక్కగా రావాలి. కలిపిన కట్టలో ఆఖరి ముక్క రాజు కావడానికి 52లో 4 అవకాశాలు, అంటే 13లో ఒకటి. సగటున 42 ముక్కలు తెరుచుకున్నాకే ఆట ఆగుతుంది. ఇంకో కాసిని ఉన్నాయనగా ఊడిపడేవారని మీ మీద నేను మోపిన నేరం నిజమే, కానీ అది మీ గుణం కాదు, పంపకం తీరు.

కంప్యూటర్ శాస్త్రంలో పెద్దాయన డొనాల్డ్ క్నూత్ 1968లో వచ్చిన ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ మొదటి సంపుటంలో ఈ ఆటనే తీసుకుని ఇంకో సంగతి చూపించాడు. గెలుపోటములు చుట్టూ ఉన్న పన్నెండు దొంతుల అట్టడుగు ముక్కల్లోనే ఉంటాయట. ఐదో దొంతి అడుగున ఐదే ఉందనుకోండి. అది బయటికి రావాలంటే నాలుగు ఐదులూ ముందే బయటపడి ఉండాలి, ఆ నాలుగింట్లో అదీ ఒకటి. తాళంచెవి పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు. అలాగే రెండో దొంతి అడుగున తొమ్మిది, తొమ్మిదో దొంతి అడుగున రెండు ఉన్నా అంతే. అలాంటి ముడి ఎక్కడా పడకుండా పన్నెండు అడుగు ముక్కలూ ఒకదాన్నుంచి ఒకటి మధ్యకి దారి చూపిస్తే గెలుపు. పంచడం పూర్తయ్యేసరికే అంతా తేలిపోయి ఉంటుందన్నమాట.

అప్పుడు నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. కాగితం తీసుకుని మీరు లేని ఆటకి లెక్క వేశాను. 51 ముక్కలు, ముగ్గురు రాజులు, మధ్యలో మూడు. ఆట మూడో రాజు దగ్గర ఆగుతుంది. గెలవాలంటే 51వ ముక్క రాజు కావాలి. 51లో 3. అంటే 17లో ఒకటి.

మూడుసార్లు వేశాను. మూడుసార్లూ పదిహేడే వచ్చింది.

అమ్మమ్మ గెలవాలని మిమ్మల్ని బండెక్కించాను. మిమ్మల్ని పంపేశాక ఆవిడ గెలుపు పదమూడింటికి ఒకటి నుంచి పదిహేడింటికి ఒకటికి పడిపోయింది. మీరు ఆవిడ ఆటకి అడ్డం అనుకున్నాను. మీరుంటేనే ఆవిడకి నాలుగు దారులు, మిమ్మల్ని తీసేసి ఒక దారి మూసింది నేను. పొద్దునే లేచి చొక్కా అట్టతో ఆ దారి మళ్ళీ తెరుచుకుంది ఆవిడ. లెక్క తెలిసి కాదు, కట్టలో ఉండాల్సినవాళ్ళు ఉండాలని అంతే. నేను 9 ఏళ్ళప్పుడు చేసిన పని ఎంత తప్పో 59 ఏళ్ళకి ఒక భిన్నంలో కనిపించింది. మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను. ఆవిడని అడగడానికి లేదు, 1991లో వెళ్ళిపోయింది. పిన్నికి ఈ ఉత్తరం చదివితేనే తెలుస్తుంది.

1946లో స్టానిస్లా ఉలాం అనే గణిత శాస్త్రజ్ఞుడు జబ్బుపడి లేచి, మంచం మీద ఒంటరి పేకాట ఆడుతూ గెలిచే అవకాశం ఎంతో లెక్కకట్టబోయాడు. అంత లెక్క కట్టేకన్నా వంద ఆటలు ఆడి చూసి లెక్కపెట్టుకోవడం తేలిక కదా అనుకున్నాడు. ఆ ఆలోచనే తర్వాత మాంటీ కార్లో పద్ధతి అయింది, అణువుల లెక్కల దాకా వెళ్ళింది. నేను ఈ ఆరు నెలల్లో 130 ఆటలు ఆడాను. పాలవాడి లెక్క రాసే పుస్తకంలో గీతలు పెడుతున్నాను. తొమ్మిదిసార్లు గెలిచాను. ఒకటి తక్కువ వచ్చిందని అనుకోవడం లేదు.

నేనిప్పుడు విజయవాడలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. తను ఆసుపత్రిలో నర్సు. రెండో షిఫ్టు అయితే స్కూటీ మీద ఇంటికొచ్చేసరికి పదకొండు దాటుతుంది, పేషెంటు ఎవరికైనా బాగా లేకపోతే ఎప్పుడో. బయల్దేరితే తన బండి ఎక్కడుందో ఫోన్లో చుక్కగా కనిపించే ఏర్పాటు చేసి పెట్టింది నాకు. ఆ చుక్క ఒకచోట ఆగితే నాకు ప్రాణం నిలవదు. అందుకని ఫోన్ బోర్లించి గడియారం పరుస్తాను. పన్నెండు వీధి తలుపు వైపు.

ఈ ఉత్తరం కూడా ఆట మధ్యలోనే రాస్తున్నాను. అన్నం మూత పెట్టి ఉంది. పదకొండూ నలభై అయింది. మధ్యలో ముగ్గురు రాజులు వెల్లకిలా ఉన్నారు: ఇస్పేటు, డైమను, మీసం లేని ఆఠీను. పదకొండు ముక్కలు ఇంకా మూసి ఉన్నాయి. నాలుగో దొంతి మీద తెల్లటి వీపు. మీ బదులు వచ్చినవాడు నాలుగింటికి కూర్చుని ఉన్నాడు. ఇప్పుడే తిప్పిన ముక్క డైమను నాలుగు.

వీధి చివర బండి చప్పుడు ఏదో అయింది, దాటిపోయింది. నాలుగుని దొంతి కింద దోపాను. బొటనవేలు తెల్ల అట్ట అంచు మీద ఉంది. తిప్పుతున్నాను.

ఇట్లు,
బిట్రగుంట గార్డుగారి మనవరాలు